రెండు స్వరాలకు ఎనిమిదేళ్లు

“ఇవాళ కూడా ఇక్కడే కూర్చుంటావా?”

మొగుడు ఆ మాట అనేసరికే చిట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. లాండ్రీ వెనకగదిలో, పేకముక్కలు పరిచిన బల్లకీ తలుపుకీ సరిగ్గా మధ్యన. ఒళ్లో మేజోళ్ల బుట్ట పెట్టుకుని జతలు కలుపుతోంది.

“ఎక్కడికి వెళ్లమంటారు? ఖాళీగానే ఉన్నాను కదా,” అంది.

తాళాలు చేసే ఆయన, టైర్ల కొట్టు ఆయన ముక్కల్లో తలలు దూర్చేశారు. ఈ కథ మొదలై ఇది నాలుగో సాయంత్రం. మొదటిరోజు మర్యాదకి నవ్వారు. రెండోరోజు టీ అడిగారు. టీ ఇచ్చి, ఈ వేళప్పుడు మీరెక్కడున్నారని మీ ఇళ్లలో అనుకుంటున్నారో అని చల్లగా అడిగింది. మూడోరోజు టైర్లాయన చొక్కా గుండీ వేలాడుతోందని కనిపెట్టి, చొక్కా ఆయన ఒంటిమీద ఉండగానే కుట్టేసింది. పీక దగ్గర సూది ఆడుతుంటే ఏ మగాడు ముక్క సరిగ్గా వేస్తాడు?

చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు. పుట్టింట్లో ఆఖరిదని పెట్టిన ముద్దుపేరు అది. మనిషి మాత్రం ఆ వెనకగది గుమ్మం దాటాలంటే తల వంచాలి. కాలేజీకి వెళ్లే కూతురుంది. పగబడితే ఇంత ఓపిగ్గా పగబట్టగలదని ఆ కూతురికి కూడా ఈ వారంలోనే తెలిసింది.

“నువ్విలా కూర్చుంటే ఆట సాగడం లేదే,” అన్నాడు మొగుడు.

“నేనేం మాట్లాడటం లేదుగా.”

“మాట్లాడకుండా కూర్చున్నావు. అదే మా భయం.”

“మీరే కదండీ అన్నారు, వారానికి మూడు సాయంత్రాలు ఆ గంటలు మోగించే జట్టు పాలు చేస్తున్నానని, కొట్టుకీ మొగుడికీ మిగిలేది ఏముందని. ఇప్పుడు ఏడు సాయంత్రాలూ మీవే. మనసారా తీసుకోండి.”

తాళాలాయన ముక్కలు బోర్లా పెట్టి, ఇంట్లో ఏదో పనుందన్నాడు. ఏం పని అని చిట్టి అడిగింది. ఆయన అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. టైర్లాయన ఆ పాటి అబద్ధం కూడా ఆడకుండా చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయాక మొగుడు ముక్కలన్నీ ఒక్కటొక్కటే ఏరి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ వంగిన వీపు చూసి చిట్టికి కడుపు చల్లబడింది. జాలి వేయలేదా అంటే, వేయలేదు.

“కోటు గొడవ ఇంకా మనసులో పెట్టుకున్నావు,” అన్నాడు ఆయన చివరికి.

“కోటు కాల్చింది నేను కాదు. ఇస్త్రీపెట్టె మీ చేతిలో ఉంది.”

“నువ్వు ఆ పూట కొట్టులో ఉంటే ఫోనెత్తడానికి నేనెందుకు వెళ్తాను? పెట్టె అలా కోటు మీదే వదిలేసి వెళ్లే అవసరం నాకేముంది? లాయరు గారి నల్లకోటు, మెడపట్టీ అంతా మాడిపోయింది. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను.”

“కాలినందుకు నాకేం బాధ లేదు. గంటలు పట్టుకెళ్లి ఇచ్చేశారే, అది చెప్పండి.”

అదీ అసలు పుండు. మెరుగు పెట్టడానికని ఆమె ఇంటికి తెచ్చుకున్న రెండు చేతిగంటలూ, వాటి మఖమలు పెట్టెతో సహా, కోటు కాలిన కోపంలో ఆయన పట్టుకుపోయి గంటల జట్టు మాస్టారికి అప్పజెప్పి వచ్చాడు. మా ఆవిడ ఇక రాదు అని కూడా చెప్పి వచ్చాడు. ఆ సాయంత్రం అలమర తీస్తే పెట్టె ఉండాల్సిన చోట తువ్వాళ్లున్నాయి.

“ఇచ్చేస్తే ఏమైంది? ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పు. ఎనిమిదేళ్లు వెళ్లావు. ఏం నేర్చుకున్నావు?”

“మీకు తెలుసుగా.”

“తెలుసు. రెండు స్వరాలు. ఎడంచేతికొకటి, కుడిచేతికొకటి. ఎనిమిదేళ్లలో మూడోది రాలేదు. ఇంటికొచ్చిన చుట్టాలకి ఒక్క పాట వినిపించగలవా? నువ్వొక్కదానివీ ఊపితే చెత్తబండి వచ్చిందనుకుని బుట్టలు తెచ్చుకుంటారు. దేనికే ఇదంతా? ఆ కాలంలో కుట్టుపని నేర్చుకున్నా కొట్టుకి పనికొచ్చేది.”

చిట్టి ఇంకో మేజోళ్ల జత కలిపింది. చెబితే ఆయనకి అర్థమవుతుందన్న ఆశ లేదు.

ఆ పాట ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు. మెత్తటి గుడ్డ పరిచిన పొడుగాటి బల్ల, దాని వెనక వరసగా డజనుమంది, ఒక్కొక్కరి చేతుల్లో రెండే గంటలు. ఆమెవి పా, ధా. పాట మొత్తంలో ఆమె వంతు వచ్చేది కాసిన్ని సార్లు. మిగతా సేపంతా పక్కవాళ్లని వింటూ, లెక్క తప్పకుండా, ఊపిరి బిగబట్టి నిలబడాలి. సరిగ్గా ఆ క్షణానికి మణికట్టు ముందుకి విదిలించాలి, మోగిన గంటని మళ్లీ గుండెకి ఆనించి ఆపాలి. ముందైతే తప్పు, వెనకైతే తప్పు. తను ఒక్కపూట కొట్టులో లేకపోతే ఇంట్లో పెరిగేది బట్టల కుప్ప. అక్కడ లేకపోతే పాటకే చిల్లు పడుతుంది. ఈ తేడా చిట్టికి ప్రాణం. ఆ ప్రాణాన్ని ఈ పెద్దమనిషి సంచిలో వేసుకుని పోయి ఇచ్చేసి వచ్చాడు.

“రేపు మీతో సబ్బుల హోల్‌సేల్ కొట్టుకి కూడా వస్తాను. ఒక్కరే వెళ్తే మీకు తోచదు,” అంది.

ఆయన పేకపెట్టె జేబులో పెట్టుకుని, దీపం ఆర్పకుండానే మేడెక్కేశాడు.

* * *

మేడమీద భోజనాల బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు.

అత్తగారు ముందు గొంతు సవరించుకుంది. ఆవిడకి రాత్రి సీరియల్ చూస్తూ కునికిపాట్లు పడటం ఎన్నో ఏళ్ల అలవాటు. ఈ వారమంతా కోడలు పక్కనే కూర్చుని, ఇప్పుడీ మనిషి ఎందుకేడుస్తోందత్తయ్యా అని అడుగుతుంటే కునుకూ లేదు, కథా తెలియడం లేదు.

“అమ్మాయ్, నీకు వాడి మీద కోపముంటే వాడి మీద తీర్చుకో. నా నిద్ర ఏం చేసింది?”

“నా అలమర ఏం చేసింది?” అంది కూతురు. “రెండుసార్లు సర్దేసింది. నా వస్తువులేవీ నాకు దొరకడం లేదు. నాన్నా, నువ్వే వెళ్లి మాస్టారితో చెప్పొచ్చుగా, పొరపాటైందని?”

“చెబుతాను. వెళ్తానని మీ అమ్మని అననీ.”

“గంటలు నేను పంపలేదు, నేనెందుకు వెళ్తాను?” అంది చిట్టి. “అయినా డజనుమంది ఉన్నారక్కడ. పెట్టె తీసుకుని లోపల పెట్టుకున్నారే గానీ, ఆవిడేది, ఎందుకు రాదు అని ఒక్కరైనా మన గుమ్మం తొక్కారా? ఎనిమిదేళ్లు వాళ్లు గంటలు పట్టుకునే గ్లౌజులు ఉతికి ఇచ్చాను. వాళ్లకీ తెలియాలి. కచేరీలో జనం ముందు నిలబడి, నా చోటొచ్చేసరికి నోళ్లు తెరుచుకోవాలి. అప్పుడు తెలుస్తుంది.”

“అదేమిటే, వాళ్ల మీద కూడానా?” అన్నాడు మొగుడు. అంతవరకు ఆ పగంతా తన ఒక్కడి మీదే అనుకున్నాడు పాపం.

“చెరువు మీద అలిగి ఒళ్లు కడుక్కోవడం మానేస్తే చెరువుకి పోయేదేమీ లేదు,” అని అత్తగారు లేచి చేయి కడుక్కుంది.

చిట్టి అందరి పళ్లేలూ తీసింది. ఆ పూట ఆమె కడిగినంత శుభ్రంగా ఆ ఇంట్లో పళ్లేలు ఎప్పుడూ ఎవరూ కడగలేదు.

* * *

మర్నాడు పొద్దు వాలుతుండగా మాస్టారు వచ్చాడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పగలంతా కంటికి భూతద్దం బిగించి కూర్చుంటాడు కాబట్టి కుడికన్ను చుట్టూ గుండ్రటి గుర్తు ఎప్పటికీ పోదు. సాయంత్రాలు గంటల జట్టుకి చేయి ఊపి పాట నడిపిస్తాడు. మఖమలు పెట్టె కౌంటరు మీద పెట్టి మూత తీశాడు. వెనకాల మొగుడు కాలిన కోటుకి కొత్త మెడపట్టీ వేయించి తెచ్చి, ఆవిరి పెట్టెతో దాన్ని అణుస్తున్నాడు. మాస్టారిని చూడగానే తేలు కుట్టిన దొంగలా ఆవిరి చాటుకి జరిగాడు.

“వీటి మీద వేలిముద్రలున్నాయమ్మా,” అన్నాడు మాస్టారు.

చిట్టి చూసింది. కంచు మీద బొటనవేలి మచ్చ, పక్కన మరో నాలుగు.

“మీరు వీటిని ఒట్టి చేత్తో ముట్టుకోగా నేను చూడలేదు. చెమట తగిలితే కంచు నల్లబడుతుందని కొత్తవాళ్లకి చెప్పేది మీరే. అందుకే మీ మాటగా వచ్చింది మీ మాట కాదేమోనని అనుమానమొచ్చింది.”

“అనుమానం రావడానికి ఇన్నాళ్లు పట్టిందా మాస్టారూ?”

ఆయన తల దించుకున్నాడు. “రావాలనే ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య వ్యవహారం, మనకెందుకన్నారు మనవాళ్లు.”

మనకెందుకు అన్నారు. ఆ మాట చిట్టి లోపలికి దిగింది, దిగి అక్కడే కూర్చుంది.

“మీ చోటు అలాగే ఉంచాం,” అన్నాడు మాస్టారు. “మీ స్వరాలు వచ్చినచోట అందరం ఆగుతున్నాం. మన పద్ధతి మీకు తెలియంది కాదు. మనిషి తన నోటితో రానని చెబితే తప్ప ఆ స్వరాలు ఇంకొకరి చేతికి ఇవ్వం. వాళ్లాయన చెప్పినా లెక్కలేదు, దేవుడు చెప్పినా లెక్కలేదు. ఈ నెలాఖరున కచేరీ, ఇప్పుడు రోజూ సాధన. అందుకే అడుగుతున్నాను. వస్తారా?”

వెనకాల ఆవిరి చప్పుడు ఆగిపోయింది. మొగుడు వింటున్నాడు.

ఒక్కమాట చాలు. ఆ సాయంత్రమే వెళ్లి తన చోట నిలబడొచ్చు. వెళ్లాలని చేతులు పీకుతున్నాయి కూడా. కానీ తను వెళ్లిపోతే ఇక్కడేం జరుగుతుంది? వెనకగదిలో మళ్లీ బల్ల పడుతుంది, టైర్లాయన వస్తాడు, ముక్కలు పంచుకుంటారు. ఏమీ జరగనట్టే ఉంటుంది. మనకెందుకన్నవాళ్లు కూడా ఏమీ జరగనట్టే పక్కకి జరిగి చోటిస్తారు. ఇంత చేసినవాళ్లకి ఇంత తేలిగ్గా పోవడమా?

“రాను,” అంది.

“అమ్మా, ఇది మీ నోటి మాటేనా? ఇంకొకసారి ఆలోచించుకుని...”

“ఇక్కడ ఇంకెవరి నోరు కనిపిస్తోంది మాస్టారూ మీకు? రాను అంటే రాను.”

మాస్టారు మూత వేశాడు. జేబురుమాలు తీసి, వేలిముద్రలు తుడవడం గుర్తొచ్చి మళ్లీ మూత తీశాడు, రెండు గంటలూ తుడిచాడు, మళ్లీ వేశాడు. వస్తానమ్మా అని పెట్టె తీసుకుని మెల్లిగా మెట్లు దిగిపోయాడు.

వెనక నుంచి మొగుడు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. కౌంటరు మీద చేతులానించి వీధిలోకి చూశాడు.

“ఎంత పని చేశావే,” అన్నాడు. “నాకీ జన్మకి సాయంత్రమన్నది లేకుండా చేశావు.”

“సాయంత్రాలన్నీ మీవేనని చెప్పానుగా.”

ఆయన చేతులు తుడుచుకుని, ఇప్పుడే వస్తానని చెప్పి వీధిలో పడ్డాడు. పారిపోయాడు అనుకుంది చిట్టి. ఆ మాట రుచిగా ఉంది. రెండుసార్లు అనుకుంది.

* * *

ఆ తర్వాత ఆయన రోజూ సాయంత్రం పారిపోవడం మొదలుపెట్టాడు.

మొదట్లో చిట్టి సంబరపడింది. తన కొట్టు నుంచి తనే దొంగలా జారుకోవాల్సిన గతి పట్టిందని నవ్వుకుంది. రెండ్రోజులు గడిచాక అంత నవ్వు రాలేదు. సాయంత్రం బేరాలు, గంజి పెట్టాల్సిన దుప్పట్లు, రసీదులు పోగొట్టుకుని దబాయించేవాళ్లు, అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. ఎవరి మీద పగ తీర్చుకోవడానికి కూర్చుందో ఆయన ఎదురుగా లేడు. పక్కన ఎవరూ లేకుండా సాధించడం ఎంత కష్టమో సాధించేవాళ్లకే తెలుస్తుంది.

పైగా ఆయన హుషారుగా తిరిగొస్తున్నాడు. “నువ్వున్నావుగా, కొట్టుకేం భయం,” అంటున్నాడు. అందులో వెటకారం లేదు, అదే మరీ ఒళ్లు మండించింది. భోజనం దగ్గర పెదాలు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుంటున్నాడు. పేకాటలో ఓడిన లెక్కలై ఉంటాయనుకుంది. ఆట టైర్ల కొట్టుకి మారిందని నిశ్చయించేసుకుంది.

అలాంటిది టైర్లాయనే ఒకనాడు గుమ్మంలోకి తల పెట్టాడు, ఎక్కడ సూది దారం కనిపిస్తాయోనన్నట్టు.

“మావాడికి ఒంట్లో బాగోలేదా చెల్లెమ్మా? ఆట మానేశాడు. కబురు పంపినా రావడం లేదు.”

“మీ దగ్గరికి రావడం లేదా?”

“మా దగ్గరికే వస్తే మిమ్మల్ని ఎందుకు అడుగుతానమ్మా?”

ఆయన వెళ్లిపోయాక చిట్టి అదే చొక్కాని రెండుసార్లు మడతపెట్టింది. మనసు పరిపరివిధాల పోయింది. పోకూడని చోట్లకి కూడా పోయింది.

ఆ సందేహంలో ఉండగానే పూలకొట్టు అక్క వచ్చింది. గంటల జట్టులో చిట్టి పక్కన నిలబడేది ఆవిడే. ఎప్పుడూ వసపిట్టలా వాగే మనిషి, ఆ రోజు గ్లౌజుల మూట కౌంటరు మీద పెట్టి గోడమీది రేట్ల బోర్డు చదువుతూ నిలబడింది.

“ఎలా ఉన్నావక్కా?”

“ఉన్నాను. శుక్రవారానికి అందుతాయా?”

“అందుతాయి. పాట ఎలా వస్తోంది? నా చోట ఆగుతున్నారా?”

అక్క రసీదు కోసం చేయి చాపింది. “ఆగడం ఏముంది, ఏదో సాగిపోతోంది,” అని, రసీదు అందగానే వెళ్లిపోయింది.

చిట్టి మూట విప్పింది. ఒక్కొక్కరికీ రెండేసి జతలు, ఒకటి ఉతుక్కి వస్తే ఒకటి చేతులకి ఉంటుంది. పాత గ్లౌజులన్నిటికీ లోపలి అంచున తను వేసిన గుర్తులున్నాయి. తన జతలు రెండూ ఇంట్లో అలమరలోనే ఉన్నాయి కాబట్టి మూటలో ఒక జత తక్కువ రావాలి. తక్కువ రాలేదు. కొత్త జత ఒకటుంది. గుర్తు లేదు, సైజు పెద్దది. మగవాడి చెయ్యి.

ఎవరో కొత్తవాడు. పోయినవారమే వచ్చి, తన చోట నిలబడి, తన పా ధా ఊపుతున్నాడు. నోటితో తనే ఇచ్చేసిందన్న సంగతి తెలిసినా, కళ్లలో నీళ్లు తిరిగాయి. గుర్తు వేయడానికి సిరా అందుకుని గ్లౌజు తిరగేసింది. బొటనవేలి దగ్గర నల్లటి మరక. వేలితో రుద్దింది. సబ్బునీళ్లలో ముంచి రుద్దింది. పోలేదు.

అది పోయే రకం కాదు. బట్టల మీద గుర్తులు వేసే లాండ్రీ సిరా అది. ఎన్ని ఉతుకులకీ పోకూడదనే దాన్ని వాడతారు. ఇన్నేళ్లుగా సీసా మూత సరిగ్గా పెట్టడం చేతకాక, దాన్ని ఎప్పుడూ బొటనవేలికి పూసుకుని తిరిగే మనిషి ఈ వీధికంతా ఒక్కడే ఉన్నాడు.

చిట్టి కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉండగానే షట్టరు కిందికి లాగింది.

* * *

బడి పైఅంతస్తులో, బొమ్మలు వేసే గదిలో వాళ్ల సాధన. వరండా చివర దాకా వెళ్లేసరికి పాట వినిపించింది. సగం తెరిచిన తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. లోపలికి దూసుకుపోవాలనే వచ్చింది. కానీ పాట నడుస్తోంది, ఎనిమిదేళ్ల అలవాటు కాళ్లని పట్టేసింది.

తన చోటు దగ్గరికొస్తోంది. ఆమె కుడి మణికట్టు దానంతటదే లేచింది. తప్పు, తప్పు, తప్పు కొట్టాలి అనుకుంది. కోరినట్టే జరిగింది. పా రావలసిన చోట ఏమీ రాలేదు, అందరూ ముందుకి జరిగాక తాపీగా మోగింది.

లోపల నవ్వులు. పూలకొట్టు అక్క పకపకా నవ్వుతోంది. అందరికన్నా గట్టిగా తన మొగుడు నవ్వుతున్నాడు.

ఎనిమిదేళ్లలో చిట్టి దగ్గర ఎవరూ నవ్వలేదు. తను ఏనాడూ తప్పు కొట్టలేదు కాబట్టి వాళ్లకి నవ్వే అవసరం రాలేదని ఇంతకాలం గర్వంగా ఉండేది.

మాస్టారు మళ్లీ మొదటి నుంచి అన్నాడు. ఈసారి చిట్టి తలుపు సందులోంచి చూసింది. మొగుడు చిట్టి చోట్లోనే నిలబడ్డాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. ఫోను మోగితే ఇస్త్రీపెట్టెని కోటు మీద వదిలేసి పరిగెత్తే మనిషి, ఆ గదిలో పిడుగు పడ్డా కదలనట్టు నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. వంతు వచ్చింది. మణికట్టు కదిలింది. పా, ఆ వెంటనే ధా, రెండూ పడాల్సిన చోట పడ్డాయి. ఆయన ముఖం విప్పారింది.

ఆ ముఖం చిట్టికి తెలుసు. అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు గానీ, అది తన ముఖమే.

పాడు సాయంత్రాలు, అవి కూడా తనే ఇచ్చింది. కొట్టులో తను కూర్చుని, ఆయనకి తీరిక చేసిపెట్టి, నోటితో రానని చెప్పి చోటు కూడా ఖాళీ చేసి ఇచ్చింది. కత్తి నూరింది తనే, పిడి ఆయన చేతికి అందించిందీ తనే. చిట్టి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

గంటలన్నీ ఆగిపోయాయి. ఆయన ఆమెని చూశాడు.

“కొట్టులో ఎవరున్నారు?” అన్నాడు.

“మూసేశాను.”

“ఈ వేళప్పుడా? లాయరు గారు కోటు కోసం వస్తానన్నారే.”

“గ్లౌజులు తీయండి.”

“ఇంకా ఒక చరణం ఉంది.”

“ఇక్కడికెందుకు వచ్చారో ముందది చెప్పండి.”

ఆయన గంటలు బల్ల మీద పెట్టలేదు. ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చెప్పాడు.

“ఆ రోజు మాస్టారి వెనకాలే వచ్చాను. నీ మాట పట్టించుకోవద్దని బతిమాలడానికే వచ్చాను. నువ్వు మళ్లీ వెళ్తే తప్ప నాకు బతుకు లేదని చెప్పడానికే. వీళ్లు పాట కొడుతున్నారు. మధ్యలో ఉన్నట్టుండి ఆగారు. మళ్లీ కొట్టారు, మళ్లీ ఆగారు. ఎందుకాగారో నాకర్థం కాలేదు. అడిగాను. అది నువ్వట.”

ఆయన తన చేతుల్లోని గంటలకేసి చూసుకున్నాడు.

“ఎనిమిదేళ్లుగా ఇంట్లో వింటున్నాను, నాకెప్పుడూ వినిపించలేదు. అక్కడ ఏమీ మోగకపోతే వినిపించింది. మాస్టారు గ్లౌజులిచ్చి, ఒక్కసారి నిలబడి చూడమన్నారు. నిలబడ్డాను.”

ఆ మాటలు వారం ముందు, వెనకగదిలో, పేకముక్కలు ఏరుకుంటూ చెప్పి ఉంటే చిట్టి ఆ క్షణమే కరిగిపోయేది. ఇప్పుడు ఆమె గంటలు చేతిలో పెట్టుకుని చెబుతున్నాడు.

“రెండు స్వరాలే కదండీ,” అంది. “దానికి రోజూ రావాలా? కుట్టుపని నేర్చుకున్నా కొట్టుకి పనికొచ్చేది.”

పూలకొట్టు అక్క నేలచూపులు చూసింది. ఆయన మాత్రం ఆ దెబ్బ తగిలినట్టే లేడు.

“రెండే. ఎప్పుడు కొట్టాలో తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టేలా ఉంది,” అన్నాడు. నిజంగానే ఆలోచించి చెప్పాడు.

చిట్టి ఆయన్ని వదిలి మాస్టారి వైపు తిరిగింది. ఇంతమంది ఎదుట, ముఖ్యంగా ఆ ఒక్కడి ఎదుట ఈ మాట అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తల ఎత్తుకునే అంది.

“మాస్టారూ, ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా గంటలు నాకిప్పించండి.”

మాస్టారు కుడికన్ను నులుముకున్నాడు. ఆమెకేసీ ఆయనకేసీ చూసి, చివరికి బల్లకేసి చూస్తూ మాట్లాడాడు.

“మీరు రావడం కన్నా మాకు కావలసిందేముందమ్మా. కానీ పద్ధతి అందరికీ ఒకటే. మీరు రానన్నాక వాటిని ఆయనకిచ్చాం. ఇప్పుడవి ఆయన స్వరాలు. రానని ఆయన తన నోటితో చెప్పాలి.”

అందరి తలలూ ఒకేసారి ఆయన వైపు తిరిగాయి.

చిట్టికి ధైర్యంగానే ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన దేన్నీ ఇష్టపడి గట్టిగా పట్టుకోగా ఆమె చూడలేదు. పేకాట కూడా ఒక సూదికి జడిసి వదిలేశాడు. ఇదీ అంతే. చేయి చాచి నిలబడింది.

ఆయన ఆ చేతికేసి చూశాడు. తర్వాత రెండు గంటలూ పైకెత్తి, చప్పుడు కాకుండా, ఎలా పట్టుకోవాలో అలాగే గుండెకి ఆనించుకున్నాడు.

“నేను రానని ఎప్పుడన్నాను?” అన్నాడు.